అన్నకీ తమ్ముడికీ మధ్య ఆరుగురు

2010 సెప్టెంబరు 25, శనివారం. సాయంత్రం అయిదు కావస్తోంది.

మాంచెస్టర్ సెంట్రల్ హాలు కిక్కిరిసిపోయింది. ఒకప్పుడిది రైల్వే స్టేషను. 1880లో తెరిచారు, 1969లో మూసేశారు. పట్టాలు పోయాయి, ప్లాట్‌ఫారాలు పోయాయి. అరవై మీటర్లకు పైగా వెడల్పున్న ఇనుప కమాను మాత్రం నెత్తి మీద అలాగే నిలిచింది. దాని కింద ఇవాళ లేబర్ పార్టీ మహాసభ. టీవీ దీపాల వేడి. కుర్చీలు జరుపుతున్న చప్పుడు. గుసగుసలు. అందరి చూపూ ఒకే తలుపు మీద.

తలుపు తెరుచుకుంది. పార్టీ నాయకత్వానికి పోటీపడ్డ అయిదుగురు లోపలికొచ్చారు.

ఫలితం వాళ్లకి తెలిసిపోయింది. కాసేపటి క్రితమే లోపలి గదిలో చెప్పేశారు. హాల్లో వేలమందికి మాత్రం తెలీదు. కెమెరాలు ఒక్కో ముఖం మీదికి దూసుకెళ్లాయి. ఎవరి పెదవి బిగుసుకుంది? ఎవరి కళ్లు వాలాయి? విలేఖరులు మెడలు సాచి వెతుకుతున్నారు. ముఖాలు ఏమీ చెప్పడం లేదు.

అయిదుగురిలో గెలిచే అవకాశం ఇద్దరికే ఉంది. డేవిడ్ మిలిబాండ్, వయసు 45, మొన్న మే దాకా బ్రిటన్ విదేశాంగ మంత్రి. ఎడ్ మిలిబాండ్, వయసు 40, మొన్న మే దాకా ఇంధన మంత్రి. ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. ఇద్దరూ ఒకే తల్లి కన్న బిడ్డలు.

పార్టీ జాతీయ కార్యవర్గం అధ్యక్షురాలు ఆన్ బ్లాక్ కాగితం తీసుకుని మైకు ముందుకొచ్చారు.

*

నాలుగున్నర నెలలు వెనక్కి వెళ్లాలి.

మే 6న సార్వత్రిక ఎన్నికలు. పదమూడేళ్లుగా ఏలుతున్న లేబర్ 258 సీట్లకు పడిపోయింది. కన్సర్వేటివ్‌లకీ మెజారిటీ రాలేదు. అయిదు రోజుల పాటు బేరసారాలు సాగాయి. లిబరల్ డెమోక్రాట్లు చివరికి కన్సర్వేటివ్ నాయకుడు డేవిడ్ కామెరాన్ వైపు మొగ్గారు. మే 11 సాయంత్రం ప్రధాని గోర్డన్ బ్రౌన్ తన నివాసమైన పదో నంబరు ఇంటి ముందుకొచ్చి రాజీనామా ప్రకటించాడు. భార్యతో, ఇద్దరు చిన్న కొడుకులతో చేతులు పట్టుకుని డౌనింగ్ స్ట్రీట్‌లో నడిచి వెళ్లిపోయాడు. ప్రధాని పదవితో పాటు పార్టీ నాయకత్వాన్నీ అక్కడికక్కడే వదిలేశాడు.

ఆ రాత్రికి లేబర్ ప్రతిపక్షమైంది. ఉపనాయకురాలు హ్యారియట్ హార్మన్ తాత్కాలిక నాయకురాలిగా నిలబడ్డారు. కామన్స్‌లో అటువైపు బెంచీలు ఇటువైపుకి మారాయి. బ్రిటన్‌లో ప్రతిపక్ష నాయకుడంటే ఉత్తి హోదా కాదు. అది జీతమున్న పదవి. బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ప్రధానిని నిలదీసి ఆరు ప్రశ్నలడిగే హక్కు ఆ మనిషిది. ప్రతి మంత్రికీ ఎదురుగా ఒక నీడ మంత్రిని నిలబెట్టే పని ఆ మనిషిది. దేశం దృష్టిలో రేపటి ప్రధాని ఆ మనిషే.

ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీ.

మర్నాడే డేవిడ్ కదిలాడు. మే 12. పార్లమెంటు భవనం బయట, తోటి ఎంపీలు వెనక నిలబడగా, తాను బరిలో ఉన్నానని చెప్పాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్ దగ్గర విధాన విభాగాన్ని నడిపినవాడు. 2001లో సౌత్ షీల్డ్స్ నుంచి ఎంపీ అయ్యాడు. నలభై ఒక్క ఏళ్ల వయసులో విదేశాంగ మంత్రి అయ్యాడు. బ్రౌన్ మీద తిరగబడమని ముందునుంచీ ఎంతోమంది పోరారు. 2009 జూన్‌లో సహచర మంత్రి జేమ్స్ పర్నెల్ రాజీనామా చేసి బయటికొస్తే, వెనకే డేవిడ్ కూడా వస్తాడని రాత్రంతా ఎదురుచూశారు. రాలేదు. వేచి ఉన్నాడు. ఇప్పుడిక వేచి ఉండాల్సిన పని లేదు. దారి ఖాళీ.

మూడు రోజులు గడిచాయి. మే 15న లండన్‌లో ఫేబియన్ సొసైటీ సమావేశం. వేదికెక్కినవాడు తమ్ముడు.

తానూ పోటీలో ఉన్నానన్నాడు.

*

లండన్‌లో ప్రింరోజ్ హిల్ దగ్గరి ఇల్లు. ఇద్దరూ పెరిగింది అక్కడే. తండ్రి రాల్ఫ్ మిలిబాండ్ మార్క్సిస్టు మేధావి. 1940లో, పదహారేళ్ల వయసులో, నాజీ సైన్యం బెల్జియంలోకి చొచ్చుకొస్తుంటే తండ్రి వెంట ఓడెక్కి ఇంగ్లండ్ చేరిన యూదు కుర్రాడు. తల్లి మారియన్ పోలండ్ యూదురాలు, నాజీల చేతికి చిక్కకుండా బతికి బయటపడిన మనిషి. ఆ ఇంటి భోజనాల బల్ల చుట్టూ ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన వామపక్ష మేధావులు వాదించుకునేవాళ్లు. పిల్లలిద్దరూ వింటూ పెరిగారు. పార్లమెంటు మీద లేబర్‌కున్న భక్తి వల్లే ఆ పార్టీ సోషలిజం తేలేకపోయిందని 1961లో పుస్తకమే రాసిన మనిషి రాల్ఫ్. 1994లో పోయాడు. హైగేట్ శ్మశానంలో, కార్ల్ మార్క్స్ సమాధికి దగ్గర్లోనే ఆయన్నీ పూడ్చారు.

కొడుకులిద్దరూ ఆ పార్టీలోనే చేరారు. ఆ పార్లమెంటుకే వెళ్లారు.

ఒకటే బడి. ఆక్స్‌ఫర్డ్‌లో ఒకటే కాలేజీ, ఒకటే డిగ్రీ. అన్న బ్లెయిర్ శిబిరంలోకి వెళ్తే తమ్ముడు బ్రౌన్ శిబిరంలోకి వెళ్లాడు. బ్లెయిర్, బ్రౌన్ వర్గాలు ఒకదాన్నొకటి కొరుక్కు తిన్న ఏళ్లవి. 2007లో బ్రౌన్ ఇద్దరికీ మంత్రివర్గంలో చోటిచ్చాడు. 1938లో స్టాన్లీ సోదరుల తర్వాత అన్నదమ్ములు ఒకే క్యాబినెట్ బల్ల దగ్గర కూర్చోవడం మళ్లీ అదే. అప్పటిదాకా పోటీ లేదు. అన్న ఎప్పుడూ ఒక మెట్టు పైన, తమ్ముడు ఒక మెట్టు కింద.

ఇప్పుడు ఉన్నది ఒకటే మెట్టు.

*

జూన్ 9. వెస్ట్‌మినిస్టర్. నామినేషన్లకు మధ్యాహ్నం పన్నెండున్నరకి గడువు.

బరిలో నిలవాలంటే 33 మంది ఎంపీల సంతకాలు కావాలి. డేవిడ్‌కి 81 వచ్చాయి. ఎడ్‌కి 63. ఎడ్ బాల్స్, ఆండీ బర్న్‌హామ్ గట్టెక్కారు. అయిదో అభ్యర్థి డయాన్ అబాట్. 1987లో బ్రిటిష్ పార్లమెంటులో అడుగుపెట్టిన తొలి నల్లజాతి మహిళ. ఆవిడకి సంతకాలు చాలడం లేదు. గడియారం తిరుగుతోంది. వామపక్షం నుంచి బరిలో ఉన్న జాన్ మెక్‌డొనెల్ తప్పుకుని ఆవిడకి దారిచ్చాడు. అయినా చాలలేదు.

అప్పుడు డేవిడ్ కలం తీశాడు. తన మీదే పోటీ చేయబోయే మనిషికి సంతకం పెట్టాడు.

పోటీలో ఉన్న నలుగురూ దాదాపు ఒకే వయసు, ఒకే రంగు, ఒకే రకం మగాళ్లు. పార్టీ పరువు కోసం ఆవిడ ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న మాట. అబాట్ 33కి చేరారు. డేవిడ్ పెద్దమనసుని పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ సంతకం వెనక నడిచొచ్చే లెక్కని ఆరోజు ఎవరూ వేయలేదు.

లెక్క అంటే చిన్న లెక్క కాదు. 1980 దాకా లేబర్ నాయకుణ్ణి ఎంపీలే ఎన్నుకునేవాళ్లు. తర్వాత నియమం మారింది. 2010 నాటికి ఓట్లని మూడు సమాన భాగాలు చేశారు. ఒక భాగం ఎంపీలు, యూరప్ పార్లమెంటు సభ్యులది. ఒక భాగం పార్టీ సభ్యులది. ఒక భాగం కార్మిక సంఘాలు, అనుబంధ సంఘాలది. మూడు భాగాల్నీ మూడు గదులనుకుంటే, మొదటి గదిలో మూడు వందల మంది కూడా లేరు. రెండో గదిలో లక్షకు పైగా, మూడో గదిలో అంతకంటే ఎక్కువ. మూడు గదులకీ బరువు ఒక్కటే. అంటే ఒక్క ఎంపీ ఓటు వందలమంది సభ్యుల ఓట్లతో సమానం. పైగా ప్రతి ఓటరూ ఒకటో ఇష్టం, రెండో ఇష్టం, మూడో ఇష్టం అని వరసగా రాయొచ్చు. చివర ఉన్నవాడు తప్పుకుంటే అతని ఓట్లు తర్వాతి ఇష్టానికి పోతాయి.

వేసవంతా ఊరూరా సభలు, టీవీ చర్చలు, కార్మిక సంఘాల హాళ్లు, రైళ్లలో ప్రయాణాలు, ఒకే వేదిక మీద పక్కపక్కనే కూర్చుని ఒకే ప్రశ్నకి వేరు వేరు జవాబులు, పొద్దున్నే లేస్తే పత్రికల్లో అన్నదమ్ముల గొడవ మీద కొత్త కథ, దానికి ఇద్దరి నుంచీ అదే ఖండన, అదే నవ్వు, మళ్లీ మర్నాడు అదే కుర్చీల్లో అదే సర్దుబాటు. మూడు పెద్ద సంఘాలు, యునైట్, జీఎంబీ, యునిసన్, ఎడ్ వైపు నిలబడ్డాయి. పార్టీ పెద్దలు ఎక్కువమంది డేవిడ్ వైపు నిలబడ్డారు. బ్యాలెట్లు సెప్టెంబరు 22న ముగిశాయి.

పందేలు కాసేవాళ్లు ఆఖరి గంటల్లో అన్నని వదిలి తమ్ముడి మీదికి మారడం మొదలెట్టారు.

*

ఆన్ బ్లాక్ చదవడం మొదలెట్టారు. హాలు నిశ్శబ్దమైంది.

మొదటి రౌండు. డేవిడ్ 37.78 శాతం. ఎడ్ 34.33. బాల్స్ 11.79. బర్న్‌హామ్ 8.68. అబాట్ 7.42. అన్న మూడు శాతానికి పైగా ముందున్నాడు. అబాట్ తప్పుకున్నారు.

రెండో రౌండు. అబాట్ ఓట్లు పంచారు. డేవిడ్‌కి 1.11 వచ్చింది. ఎడ్‌కి 3.14. సంతకం పెట్టి బరిలో నిలిపిన మనిషి ఓట్లు దాదాపు మూడింతలు తమ్ముడికి వెళ్లాయి. ఆవిడ లేకపోయినా ఆ ఓట్లు అటే పోయేవేమో, ఎవరు చెప్పగలరు? తేడా మాత్రం ఒకటిన్నర శాతానికి లోపుకి కుంచించుకుపోయింది. డేవిడ్ 38.89, ఎడ్ 37.47.

మూడో రౌండు. బర్న్‌హామ్ ఓట్లు అన్నదమ్ములిద్దరికీ దాదాపు సమానంగా పడ్డాయి. డేవిడ్ 42.72, ఎడ్ 41.26. అన్న ఇంకా ముందే. మూడు రౌండ్లూ అన్నదే పైచేయి. మిగిలింది ఒక్క పంపకం. ఎడ్ బాల్స్ ఓట్లు, 16.02 శాతం.

బాల్స్ బ్రౌన్‌కి కుడిభుజం. ఎడ్ అదే శిబిరంలో పెరిగినవాడు.

నాలుగో రౌండు. డేవిడ్ 49.35. ఎడ్ 50.65.

కమాను కింద ఒక్కసారిగా హోరు లేచింది. కేకలు, చప్పట్లు, నోళ్లు తెరుచుకున్న ముఖాలు. ఎడ్ పక్కకి తిరిగాడు. డేవిడ్ చేతులు చాచి తమ్ముణ్ణి గుండెలకి హత్తుకున్నాడు. కెమెరాలు ఆ కౌగిలి చుట్టూ మూగాయి. ఎడ్ వేదికెక్కాడు. మాట్లాడాడు. అన్న మీద తనకున్న ప్రేమ గురించి చెప్పాడు. డేవిడ్ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు.

అప్పటికే వెనక వరసల్లో ఎవరో కాలిక్యులేటర్ తీశారు.

పూర్తి లెక్క బయటికొచ్చేసరికి చాలామందికి నోట మాట రాలేదు. ఆఖరి రౌండులో ఎంపీల గది ఓట్లు డేవిడ్‌కి 140, ఎడ్‌కి 122. పార్టీ సభ్యుల్లో డేవిడ్‌కి 54 శాతానికి పైనే. మూడింటిలో రెండు గదులు అన్నవి. మూడో గది మాత్రం తమ్ముడిది. సంఘాల ఓట్లలో ఎడ్‌కి దాదాపు అరవై శాతం పడ్డాయి. ఆ ఒక్క గది మిగతా రెంటినీ మింగేసింది.

ఒక్కో ఎంపీ ఓటు బరువు ఒక శాతంలో ఎనిమిదో వంతు. అటు పడ్డ 122 మందిలో ఆరుగురు ఇటు తిరిగి ఉంటే చాలు, లేబర్ నాయకుడు డేవిడ్. ఆరుగురు ఎంపీలంటే ఒక కారిడార్లో ఎదురుపడేవాళ్లు. క్యాంటీన్లో టీ తాగుతూ దొరికేవాళ్లు. ఫోను చేసి పేరుపెట్టి పిలిచి రెండో ఇష్టంగా నన్ను రాయండి అని అడగదగ్గవాళ్లు.

ఆదివారం పత్రికలు బారులు తీరాయి. కొన్నింటి మొదటి పేజీలో కొత్త నాయకుడికి అప్పుడే పేరు పడిపోయింది. రెడ్ ఎడ్.

*

సోమవారం డేవిడ్ వేదికెక్కాడు. నీడ విదేశాంగ మంత్రి హోదాలో ప్రసంగం. తమ్ముడి వెనక అందరం నిలబడాలన్నాడు. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

మంగళవారం. సెప్టెంబరు 28. నాయకుడిగా ఎడ్ తొలి మహాసభ ప్రసంగం. డేవిడ్ ముందు వరసలో, పక్కన హార్మన్. ఎడ్ ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ ఇరాక్ దగ్గరికొచ్చాడు. బ్రిటన్‌ని ఆ యుద్ధంలోకి తీసుకెళ్లడం తప్పన్నాడు. 2003లో ఎడ్ ఎంపీ కాదు. ఓటు వేయాల్సిన అవసరం రాలేదు. డేవిడ్ ఎంపీ. యుద్ధానికి అనుకూలంగా ఓటేసినవాడు. హార్మన్ కూడా.

చప్పట్లు మోగాయి. డేవిడ్ చేతులు కదల్లేదు. పక్కన హార్మన్ చేతులు కదిలాయి. అతను ఆవిడ వైపు వంగాడు.

“మీరు ఓటేశారుగా. మరి చప్పట్లెందుకు?”

గుసగుసగా అన్న మాటే. ఐటీవీ కెమెరా అతని ముఖం మీదే ఉంది. ఆయన నాయకుడు, నేను మద్దతిస్తున్నా అన్నట్టు హార్మన్ జవాబిచ్చారు. రాత్రి వార్తల్లో ఇంటింటా ఆ ముఖమే కనిపించింది. కొత్త నాయకుడి తొలి ప్రసంగం పక్కకి పోయింది. అన్న కనుబొమ మీద చర్చ మొదలైంది.

సాయంత్రం డేవిడ్ మాంచెస్టర్ వదిలి లండన్ వెళ్లిపోయాడు. మహాసభ ఇంకా ముగియలేదు.

బుధవారం అయిదు గంటలకు ఇంకో గడువు ఉంది.

*

అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న లేబర్ నీడ మంత్రివర్గాన్ని నాయకుడు నియమించేవాడు కాదు. ఎంపీలే ఓట్లేసి ఎన్నుకునేవాళ్లు. నాయకుడి పని గెలిచిన వాళ్లకి శాఖలు పంచడం వరకే. ఆ ఎన్నికకి నామినేషన్ల గడువు సెప్టెంబరు 29, సాయంత్రం అయిదు. డేవిడ్ నిలబడితే గెలవడం ఖాయం. తమ్ముడు ఇచ్చిన శాఖ తీసుకుని, తమ్ముడి పక్కన బెంచీ మీద కూర్చుని, ప్రతి బుధవారం తమ్ముడు ఆరు ప్రశ్నలడుగుతుంటే తల ఊపాలి. ఎప్పుడు తల ఊపలేదో, ఎప్పుడు చేతులు కదల్లేదో కెమెరా లెక్కపెడుతూనే ఉంటుంది.

ప్రింరోజ్ హిల్ ఇంటి ముందు విలేఖరులు గుమిగూడారు. తలుపు మీద చూపు. గడియారం మీద చూపు.

నిర్ణయం బయటికొచ్చింది. డేవిడ్ నామినేషన్ వేయడం లేదు. ఎంపీగా ఉంటాడు, ముందు బెంచీలో ఉండడు. తామిద్దరి మధ్య లేని చీలికని రోజూ వెతికే పని ఎవరికీ ఉండకూడదని, నాయకుడికి చోటివ్వాలని చెప్పాడు. మాటల్లో నిష్ఠురం లేదు. భార్యతో కలిసి కెమెరాల ముందుకొచ్చి నవ్వాడు.

నీడ మంత్రివర్గం ఎన్నిక డేవిడ్ లేకుండానే జరిగింది. అక్టోబరు 7న ఫలితం. అందరికంటే ఎక్కువ ఓట్లు ఇవెట్ కూపర్‌కి వచ్చాయి. ఆవిడ భర్త ఎడ్ బాల్స్ కూడా గెలిచాడు. మర్నాడు శాఖల పంపకం. ఆర్థికశాఖకి నీడ మంత్రి పదవి బాల్స్‌కని చాలామంది అనుకున్నారు. ఎడ్ దాన్ని అలాన్ జాన్సన్‌కిచ్చాడు. జాన్సన్ నాయకత్వ పోటీలో డేవిడ్‌ని బలపరిచినవాడు. అక్టోబరు 13, బుధవారం మధ్యాహ్నం, ఎడ్ మిలిబాండ్ లేచి నిలబడి కామెరాన్‌ని మొదటిసారి ప్రశ్నించాడు.

అన్న ఆ బెంచీలో లేడు.

*

ఎంపీలు నీడ మంత్రివర్గాన్ని ఎన్నుకోవడం అదే ఆఖరు. 2011లో ఎడ్ ఆ పద్ధతి ఎత్తేయించాడు. ఇకపై నాయకుడే నియమిస్తాడు. 2013 మార్చిలో డేవిడ్ పార్లమెంటునే వదిలేస్తున్నట్టు ప్రకటించాడు. శరణార్థులకు సాయం చేసే ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీని నడపడానికి న్యూయార్క్ వెళ్లిపోయాడు.

సంఘాల ఓట్లతో గెలిచావన్న మాట మాత్రం ఎడ్‌ని వదల్లేదు. ఎదుటి బెంచీల నుంచి ప్రతివారం అదే ఎత్తిపొడుపు. 2013లో ఫాల్కిర్క్ అభ్యర్థి ఎంపికలో యునైట్ సంఘం పెత్తనం చేస్తోందన్న రగడ లేచింది. ఎడ్ ఓ నిర్ణయానికొచ్చాడు. 2014 మార్చి 1న లండన్‌లో ప్రత్యేక మహాసభ పెట్టి, తనని గెలిపించిన మూడు గదుల పద్ధతినే కూలగొట్టాడు. ఇకపై మనిషికి ఒక ఓటు. ఎంపీకైనా ఒకటే, సభ్యుడికైనా ఒకటే. అప్పట్లో మూడు పౌండ్లు కట్టి మద్దతుదారుగా పేరు రాయించుకున్నవాడికీ ఒకటే.

2015 మే 7న లేబర్ మళ్లీ ఓడింది. 232 సీట్లు. మర్నాడే ఎడ్ రాజీనామా చేశాడు. తాత్కాలిక నాయకురాలిగా మళ్లీ హార్మనే వచ్చారు. మళ్లీ నామినేషన్లు, మళ్లీ గడువు. ఈసారి 35 సంతకాలు కావాలి. జూన్ 15 మధ్యాహ్నం పన్నెండు కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు, జెరెమీ కార్బిన్ 36 దగ్గర ఆగాడు. సంతకం పెట్టిన వాళ్లలో కొందరికి అతను గెలవాలని లేదు. చర్చలో వామపక్షం గొంతూ ఉండాలని పెట్టారు, అంతే.

సెప్టెంబరు 12న ఫలితం. కార్బిన్ మొదటి రౌండులోనే 59.5 శాతంతో గెలిచాడు.

పార్లమెంటులో తన సొంత పార్టీ ఎంపీల్లో దాదాపు రెండు వందల మంది అతనికి సంతకం పెట్టలేదు. అయిదేళ్ల క్రితం ఆరుగురు ఎంపీలు పక్కకి తిరిగితే నాయకుడు మారిపోయేవాడు. ఈసారి రెండు వందల మందీ కలిసి ఒక్కటే వైపు తిరిగినా ఫలితం మారదు. ఆ నియమం రాసినవాడు, ఆరుగురి తేడాతో గెలిచిన తమ్ముడే.